పురుగు కన్నా ముందు పాకేది మాట

మంచి అలవాటూ, చెడ్డ అలవాటూ ఊళ్ళో అంటువ్యాధి లాగే వ్యాపిస్తాయి. ఏది అంటించుకోవాలో, ఏది ఆపాలో తెలుసుకుంటే చిన్న రైతు అప్పు సగం తగ్గుతుంది.

వరిలో అగ్గితెగులు ఎలా వస్తుందో రైతుకు కొత్తగా చెప్పనక్కర్లేదు. ఇవాళ ఒక మడిలో నాలుగు ఆకుల మీద నూలుకండె ఆకారంలో మచ్చలు కనిపిస్తాయి. వారం తిరిగేసరికి గట్టు దాటి పక్క మడికి వెళతాయి. అయితే తెగులు బీజం గాలిలో ఉన్నంత మాత్రాన తెగులు రాదు. మూడూ కలిసి రావాలి. ఒకటి, తెగులు బీజం. రెండు, దానికి లొంగిపోయే పైరు. యూరియా మోతాదు మించితే పైరు మెత్తబడి ఇంకా తొందరగా లొంగుతుంది. మూడు, అనుకూలమైన వాతావరణం, అంటే రాత్రి చలి, పొద్దున మంచు, పగలు మబ్బు. ఈ మూడింటిలో ఒక్కటి లేకపోయినా తెగులు ముందుకు సాగదు.

మనుషుల అలవాట్లు కూడా ఇదే పద్ధతిలో పాకుతాయి. కొత్త విత్తనం, కొత్త మందు, కొత్త పంట, పెళ్ళి ఖర్చు, తాగుడు, చదువు, పొదుపు, ఏదైనా సరే. ఒక మాట పుట్టాలి. ఆ మాటకు లొంగే అవసరంలో మనిషి ఉండాలి. ధర, అప్పు, వాన దానికి కలిసి రావాలి. అప్పుడు ఆ మాట ఊరంతా చుట్టేస్తుంది. పురుగు చేలోకి రావడానికి వారం పడుతుంది. 'ఫలానా మందు కొడితే పురుగు మాయం' అనే మాట టీ కొట్టు నుంచి పొలానికి రావడానికి పూట కూడా పట్టదు.

వెంగళరావు నగర్ చెప్పే సంగతి

హైదరాబాద్‌లో వెంగళరావు నగర్ ఉంది. పక్కనే యూసఫ్‌గూడ, కృష్ణానగర్, ఆ పైన జూబ్లీహిల్స్, ఫిలింనగర్. తెలుగు సినిమా మద్రాసు నుంచి తరలి వచ్చాక స్థిరపడింది ఈ చుట్టుపక్కలే. అక్కడ హీరో వేసుకున్న చొక్కా సినిమా విడుదలైన నెలకల్లా మండల కేంద్రంలో దర్జీ దగ్గర కుడుతూ ఉంటారు. ఈ చొక్కా కుట్టించుకోండని ఊళ్ళో ఎవరూ దండోరా వేయలేదు. ఒక కుర్రాడు కుట్టించుకున్నాడు, నలుగురు చూశారు, అంతే.

అదే వెంగళరావు నగర్‌లో ఆరోగ్య, కుటుంబ సంక్షేమ శాఖ సిబ్బందికి శిక్షణ ఇచ్చే ప్రభుత్వ సంస్థ ఉంది. రోగం ఒకరి నుంచి ఒకరికి ఎలా సోకుతుందో చదివే వాళ్ళకు అలవాటు ఎలా సోకుతుందో కూడా తెలియాలి. ఎందుకంటే కుటుంబ సంక్షేమం అనేది పూర్తిగా అలవాటుకు సంబంధించిన విషయం.

దానికి మన రాష్ట్రమే సాక్ష్యం. 1991 జనాభా లెక్కల ప్రకారం ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో చదవడం, రాయడం వచ్చిన ఆడవాళ్ళు నూటికి 33 మందే. చదువు తక్కువ ఉన్నచోట కుటుంబాలు చిన్నవి కావని అప్పట్లో చాలామంది అనుకున్నారు. కానీ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్కలు చూస్తే, సగటున ఒక స్త్రీకి పుట్టే పిల్లలు 1992లో 2.6 ఉంటే, 1998-99లో 2.25కు, 2005-06 నాటికి 1.8కి తగ్గారు. ప్రభుత్వ శిబిరాలున్నాయి, ప్రోత్సాహకాలున్నాయి, లక్ష్యాల పేరిట ఒత్తిడీ ఉంది. కానీ శిబిరం ఊరికి ఏడాదికి ఒకటి రెండుసార్లు వస్తుంది. పక్కింటి మనిషి రోజూ కనిపిస్తుంది. 'వాళ్ళకు ఇద్దరే, పిల్లల్ని బడికి పంపుతున్నారు, తిండికి ఇబ్బంది లేదు' అని కళ్ళతో చూశాక నిర్ణయం తేలికైంది. చదువురాని తల్లి కూడా చూసి నేర్చుకుంది.

చూసి నేర్చుకోవడమనే ఈ గుణమే మన పొలాల్లోనూ పనిచేస్తుంది. ఒకచోట బతికించింది, ఒకచోట ముంచింది.

ఒకరు ఇద్దరైతే...

2020లో కరోనా వచ్చినప్పుడు ఒక లెక్క అందరి నోళ్ళలోనూ నలిగింది. ఒక రోగి సగటున ఒకరి కంటే ఎక్కువమందికి అంటిస్తే రోగం పెరుగుతూ పోతుంది. ఒకరికన్నా తక్కువమందికి అంటిస్తే దానంతటదే ఆరిపోతుంది. అలవాటుకూ ఇదే లెక్క. ఒక రైతు కొత్త పద్ధతి పట్టాడనుకుందాం. పద్ధతి పట్టిన ప్రతి రైతునూ చూసి పంటకాలానికి ఇంకొక్కరు మారితే చాలు. ఒకరు ఇద్దరవుతారు, ఇద్దరు నలుగురవుతారు, ఏడు పంటకాలాలకు 128 మంది అవుతారు. మొదటి రెండు మూడేళ్ళు ఏమీ జరగనట్టే ఉంటుంది. ఆ తర్వాత ఊరంతా ఒక్కసారే మారినట్టు కనిపిస్తుంది.

అయితే రోగానికీ, అలవాటుకూ ఒక తేడా ఉంది. రోగం ఒక్క తుమ్ముతో అంటుకోవచ్చు. అలవాటుకు ఒక్కరు చాలరు. కొందరు రైతులు ఒక్కరిని చూసి కదులుతారు. కొందరు ఐదుగురు చేస్తే గానీ కదలరు. ఊరంతా చేశాక, 'నేనొక్కణ్ణే ఎందుకు మిగలాలి' అని కదిలేవాళ్ళు ఇంకొందరు. మంచి పద్ధతి ఊళ్ళో ఇద్దరు ముగ్గురి దగ్గరే ఆగిపోతుందంటే, అది పనికిరాదని అర్థం కాదు. రెండో వరుసలో ఉన్నవాళ్ళకు అది కనబడలేదని అర్థం కావచ్చు.

ఈ సంగతిని మొదట గట్టిగా లెక్కగట్టింది రైతుల దగ్గరే. అమెరికాలోని అయోవా రాష్ట్రంలో సంకర మొక్కజొన్న విత్తనం 1928లో అందుబాటులోకి వచ్చింది. 1941 నాటికి రెండు ప్రాంతాల్లో 259 మంది రైతులను అడిగితే, ఇద్దరు తప్ప అందరూ దానికి మారిపోయి ఉన్నారు. రయన్, గ్రాస్ అనే ఇద్దరు పరిశోధకులు 1943లో ఈ వివరాలు ప్రచురించారు. కొత్త విత్తనం గురించి చాలామందికి మొదట చెప్పింది కంపెనీ మనిషే. కానీ వేయాలని నమ్మకం కలిగించింది ఇరుగుపొరుగు రైతులు. ఇంకో ముఖ్యమైన విషయం, ఆ రైతులు మొదటి ఏడాదే పొలమంతా వేయలేదు. కొద్ది భాగంలో వేసి చూసి, తర్వాత ఏటేటా పెంచుకుంటూ పోయారు.

ఆ 'కొద్ది భాగం' మనం మరిచిపోయినప్పుడే దెబ్బతిన్నాం.

పత్తి నేర్పిన పాఠం

1980ల మొదట్లో గుంటూరు, ప్రకాశం జిల్లాల పత్తి రైతులకు సింథటిక్ పైరిత్రాయిడ్ మందులు వచ్చాయి. మొదట్లో వాటి దెబ్బకు పురుగు రాలిపోయింది. ఆ మాట ఊళ్ళు చుట్టేసింది. పక్క చేలో కొడితే పురుగు మన చేలోకి వస్తుందేమోనని భయం. ఆ భయంతో పురుగు ఉన్నా లేకపోయినా కొట్టారు. ఒకరు వారానికి ఒకసారి కొడితే ఇంకొకరు రెండుసార్లు కొట్టారు. 1984-85లో తెల్లదోమ విరుచుకుపడింది. దాన్ని తినే మిత్ర పురుగులు అప్పటికే మందులకు చచ్చిపోయాయి. 1987-88లో శనగపచ్చ పురుగు వచ్చింది. మందు కొట్టినా చావలేదు. తట్టుకునే శక్తి సంపాదించుకుంది. అప్పులపాలైన పత్తి రైతులు ఆ రెండు జిల్లాల్లో ప్రాణాలు తీసుకున్నారు.

అంత జరిగాక ఆ మాట అక్కడే ఆగాలి. ఆగలేదు. 'పత్తిలో డబ్బుంది' అనే మాట ఉత్తరానికి నడిచింది. తెలంగాణ చెలకల్లో జొన్న, కంది, ఆముదం వేసే చోట పత్తి వచ్చింది. పత్తితో పాటే మందు డబ్బాలూ వచ్చాయి. ఇక్కడ అగ్గితెగులుకు చెప్పుకున్న మూడూ కలిశాయి. మాట ఉంది. బ్యాంకు అప్పు దొరకని చిన్న రైతు, కౌలు రైతు ఉన్నాడు. విత్తనం, మందు, అప్పు, సలహా నాలుగూ ఒకే కొట్లో దొరికే వాతావరణం ఉంది. 1997-98లో వానలు అదును తప్పాయి. పొగాకు లద్దెపురుగు వరంగల్ జిల్లా పత్తి మీద పడింది. అప్పు తెచ్చి మందు మీద మందు కొట్టారు. లద్దెపురుగు చావలేదు. వరంగల్‌లోనూ, చుట్టుపక్కల జిల్లాల్లోనూ ఎందరో పత్తి రైతులు అదే పురుగుమందు తాగి చనిపోయారు.

గుంటూరులో పదేళ్ళ క్రితం తెలిసిన సంగతి వరంగల్‌కు ఎందుకు చేరలేదు? లాభం మాట అంత వేగంగా చేరినప్పుడు నష్టం మాట ఎందుకు చేరలేదు? ఈ ప్రశ్నకు జవాబు ప్రతి ఊళ్ళోనూ ఉంది.

ఓడిన చేను మాట్లాడదు

పన్నెండు క్వింటాళ్ళు పండించిన రైతు టీ కొట్టు దగ్గర చెబుతాడు. అడిగినా చెబుతాడు, అడగకపోయినా చెబుతాడు. మూడు క్వింటాళ్ళు వచ్చిన రైతు ఆ దారినే రాడు. అప్పిచ్చినవాడికి తెలిస్తే మళ్ళీ అప్పు పుట్టదు. వియ్యాలవారికి తెలిస్తే పరువు పోతుంది. 'ఈసారి ఎట్లుందన్నా?' అని అడిగితే 'ఏదో, పర్వాలేదు' అంటాడు. ఈ 'పర్వాలేదు' అనే మాట వెనక ఎన్ని అప్పులున్నాయో ఇంట్లో ఆడమనిషికి తప్ప ఎవరికీ తెలియదు.

దీనివల్ల ఏమవుతుంది? పదిమంది కొత్త విత్తనం వేస్తే, ఇద్దరికి బాగా పండి, ముగ్గురికి ఖర్చులు వచ్చి, ఐదుగురికి నష్టమొస్తే, ఊళ్ళో వినిపించేది ఇద్దరి మాటే. పదకొండో రైతు ఆ ఇద్దరి మాట విని వేస్తాడు. గట్టు మీద నిలబడి చూస్తే పక్క చేను పచ్చదనం కనిపిస్తుంది. పక్క రైతు పద్దు కనిపించదు. చెడ్డ అలవాటు ఊళ్ళో ఏళ్ళ తరబడి పాకడానికి అసలు కారణం ఇదే. దాన్ని ఆపే సమాచారం నష్టపోయిన రైతు గుండెలోనే ఉండిపోతోంది.

2002 మార్చిలో బీటీ పత్తికి కేంద్రం అనుమతి ఇచ్చాక ఈ సంగతి ఇంకా స్పష్టంగా తెలిసింది. అమెరికాలో సెయింట్ లూయీలోని వాషింగ్టన్ యూనివర్సిటీకి చెందిన గ్లెన్ డేవిస్ స్టోన్ అనే మానవశాస్త్రవేత్త వరంగల్ జిల్లా పల్లెల్లో రైతులు విత్తనం ఎలా ఎంచుకుంటున్నారో కొన్నేళ్ళు పరిశీలించి, 2007లో తన పరిశీలనను ప్రచురించారు. ఆయనకు కనిపించింది ఇది: ఒక ఏడాది ఒక ఊరంతా ఒకే బ్రాండు మీద పడుతుంది. మరుసటి ఏడాది దాన్ని వదిలేసి ఇంకో బ్రాండు మీద పడుతుంది. పక్క ఊళ్ళో అప్పుడే వేరే బ్రాండు గాలి వీస్తూ ఉంటుంది. ఎందుకు వేశావంటే 'అందరూ వేస్తున్నారు' అన్నదే ఎక్కువమంది జవాబు. కొద్ది చేలో వేసి చూసుకునే అలవాటు తగ్గిపోయింది.

ఇందులో తప్పంతా రైతుది కాదు. బజారులో బ్రాండ్ల పేర్లు ఏటేటా మారిపోతుంటాయి. ఈ ఏడు పరీక్షించిన విత్తనం వచ్చే ఏడు దొరుకుతుందో లేదో తెలియదు. ఒకే విత్తనం రెండు పేర్లతో వస్తుంది, ఒకే పేరుతో నకిలీ వస్తుంది. ఇన్నిటి మధ్య రైతుకు చూసి నేర్చుకునే అవకాశం పోయి, చూసి చేసే అలవాటు మిగిలింది. 2017 ప్రాంతంలో ప్రభుత్వ అనుమతి లేని, కలుపు మందును తట్టుకునే పత్తి విత్తనం మన రెండు రాష్ట్రాల్లోనూ ఇలాగే పాకింది. బిల్లు లేదు, చిరునామా లేదు. మొలకెత్తకపోతే నిలదీయడానికి మనిషి లేడు. అయినా మాట మీద మాటగా ఊళ్ళు దాటింది. కలుపు కూలి భారం అంతగా ఉంది కాబట్టే ఆ మాటకు రైతు లొంగాడు.

నోరు విప్పిన దూబగుంట

చెడ్డ అలవాటు పాకడానికి మౌనం కారణమైతే, నోరు విప్పడంతోనే దానికి అడ్డుకట్ట పడిన కథ కూడా మనదే.

నెల్లూరు జిల్లా కలిగిరి మండలంలో దూబగుంట ఉంది. 1990-91లో జిల్లా అంతటా అక్షరాస్యత ఉద్యమం నడిచింది. పగలంతా కూలికి వెళ్ళిన ఆడవాళ్ళు రాత్రిపూట పలక పట్టుకుని కూర్చున్నారు. అప్పటిదాకా ప్రతి ఇల్లాలూ, మొగుడు సారా తాగి కూలి డబ్బు తగలేయడం తన ఇంటి ఖర్మ అనుకుంది. బయటికి చెప్పుకోవడానికి సిగ్గుపడింది. రాత్రిబడిలో పాఠం మీద మాట కదిలాక, ఒకరి తర్వాత ఒకరు చెప్పుకుంటే, అది ఏ ఒక్క ఇంటి ఖర్మా కాదని, ఊరి జబ్బని తేలింది. వర్ధినేని రోశమ్మ ముందు నిలిచారు. ఊళ్ళో సారా కొట్టు మూయించారు.

దూబగుంట ఆడవాళ్ళ కథ ఆ తర్వాత చదువు పుస్తకంలో పాఠంగా మారి మిగతా ఊళ్ళ రాత్రిబళ్ళకు చేరింది. మాట ఉంది, ప్రతి ఇంట్లో అదే బాధ ఉంది, రోజూ పదిమంది కలుసుకునే చోటు ఉంది. మూడూ కలిశాయి. 1992లో ఊరి తర్వాత ఊరు లేచింది. ఆడవాళ్ళు సారా వేలంపాటలను అడ్డుకున్నారు. 1993 ఏప్రిల్ 15 నుంచి నెల్లూరు జిల్లాలో, అక్టోబర్ 1 నుంచి రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది. 1995 జనవరిలో సంపూర్ణ మద్య నిషేధం వచ్చి, 1997లో సడలిపోయింది. చట్టం వచ్చాక ఊళ్ళో మాట చల్లబడితే గెలిచింది కూడా జారిపోతుందని ఆ సడలింపు చెబుతోంది.

పునుకులలో మొదలైన నిప్పురవ్వ

ఇక పొలానికి వద్దాం. అప్పటి ఖమ్మం జిల్లా, ఇప్పటి భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలో పాల్వంచ మండలం పునుకుల పత్తి ఊరు. మందుల అప్పుల్లో కూరుకుపోయిన ఊరు. 1999లో సెక్యూర్ అనే స్వచ్ఛంద సంస్థ అక్కడికి వెళ్ళి పురుగుమందులు లేకుండా పురుగును అదుపు చేసే పద్ధతులు చెప్పింది. హైదరాబాద్‌లోని సెంటర్ ఫర్ వరల్డ్ సాలిడారిటీ తోడ్పడింది. వేసవి లోతు దుక్కులు, లింగాకర్షక బుట్టలు, పసుపు జిగురు అట్టలు, గట్ల మీద ఆముదం, చేలో బంతి, వేపగింజల కషాయం, పచ్చిమిర్చి వెల్లుల్లి కషాయం. ఇందులో డబ్బు పెట్టి కొనాల్సింది తక్కువ, చేతులతో చేయాల్సింది ఎక్కువ.

మొదట ముందుకొచ్చింది కొద్దిమందే. మందు కొట్టకుండా పత్తేమిటని మిగతావాళ్ళు అన్నారు. పంట చేతికొచ్చాక దిగుబడి పెద్దగా తగ్గలేదని, మందుల ఖర్చు మిగిలిందని కనిపించింది. రెండో ఏడాది ఇంకొందరు కలిశారు. అక్కడి మహిళా సంఘాలు పట్టుకున్నాక వేగం పెరిగింది. మందు కొట్టి వచ్చిన మనిషి కళ్ళు తిరిగి పడిపోతే ఆస్పత్రికి మోసిందీ, అప్పు తీర్చడానికి పుస్తెలు తాకట్టు పెట్టిందీ ఆడవాళ్ళే కాబట్టి, వాళ్ళకు లెక్క తొందరగా అర్థమైంది. 2003-04 నాటికి ఊరు ఊరంతా పురుగుమందులు వదిలేసింది. పంచాయతీ తీర్మానం చేసింది.

పునుకులను చూడడానికి వేరే జిల్లాల రైతులు బస్సుల్లో వచ్చారు. వరంగల్ జిల్లాలో, ఇప్పుడు జనగామ జిల్లాలో ఉన్న ఏనబావి ఇంకో అడుగు ముందుకేసి 2006లో రసాయన ఎరువులు కూడా లేని ఊరుగా ప్రకటించుకుంది. గ్రామీణ పేదరిక నిర్మూలన సంస్థ (సెర్ప్) మహిళా సంఘాల ద్వారా ఈ పద్ధతిని ఉమ్మడి రాష్ట్రమంతా తీసుకెళ్ళింది. నాలుగైదేళ్ళలో లక్షల ఎకరాలకు చేరింది. చెప్పేవాళ్ళు కూడా ఎక్కువమంది రైతులే. అధికారి మాటను రైతు వింటాడు. రైతు మాటను నమ్ముతాడు.

ఒక్కరు చేస్తే చాలనివి

కొన్ని పద్ధతులు ఒక్కరు చేసినా ఫలితం ఇస్తాయి. కొన్నిటికి ఊరు కలవాలి. ఆముదం, వేరుశనగ వేసే చెలకల్లో ఎర్ర గొంగళి పురుగు సంగతి తెలిసిందే. తొలకరి వాన పడగానే నేలలో నిద్రపోతున్న కోశాల నుంచి రెక్కల పురుగులు సందెవేళ లేస్తాయి. వెలుతురుకు వస్తాయి. ఆ రోజుల్లో సాయంత్రం చేల మధ్య మంటలు వేస్తే వచ్చి పడి చస్తాయి. ఒక్క రైతు మంట వేస్తే ఊళ్ళో పురుగంతా అతని చేలోకే వస్తుంది. ఊరంతా ఒకే సాయంత్రం వేస్తే గుడ్లు పెట్టే పురుగే మిగలదు. 1990 ప్రాంతంలో తెలంగాణలో స్వచ్ఛంద సంస్థలు, శాస్త్రవేత్తలు కలిసి ఈ పద్ధతిని ఊళ్ళలో చేయించి చూపించారు.

ఇప్పుడు పత్తిలో గులాబీ రంగు పురుగు కూడా ఇదే కోరుతోంది. బీటీని తట్టుకునే శక్తి దానికి వచ్చింది. డిసెంబర్ దాటాక కూడా నాలుగు కాయల కోసం పత్తి ఉంచితే ఆ మోళ్ళలోనే అది తలదాచుకుని వచ్చే ఏడాదికి వస్తుంది. పది మంది మోళ్ళు తీసేసి పదకొండో రైతు ఉంచితే పది మంది కష్టమూ వృథా. ఇలాంటివి పాకాలంటే ఒక్కొక్కరికీ చెబితే సరిపోదు. తేదీ అనుకుని, ఊరంతా ఒక మాట మీద నిలబడాలి.

అంటించుకునే ముందు అడగవలసినవి

వచ్చే పంటకాలానికి ఎవరో ఒకరు కొత్త మాట మోసుకొస్తారు. దాన్ని తోసేయనక్కర్లేదు, నెత్తిన పెట్టుకోనక్కర్లేదు. ఈ ఐదూ చూడాలి.

1. పంటతో పాటు పద్దు చూడాలి. ఎన్ని క్వింటాళ్ళు అన్నది సగం మాటే. విత్తనం, మందు, కూలి, వడ్డీ పోను ఎంత మిగిలింది? కిందటేడు ఎంత మిగిలింది? ఒక్క ఏడాది లాభం వాన వల్ల కూడా కావచ్చు.

2. ఆయన నేల, మన నేల ఒకటేనా? బోరు కింద పండింది వానాధారంలో పండదు. నల్లరేగడిలో నిలిచింది ఎర్ర చెలకలో నిలవదు.

3. చెప్పినవాడికి ఏం మిగులుతుంది? అమ్మేవాడి మాట అబద్ధమని కాదు. కానీ నష్టం వస్తే భరించేది ఆయన కాదు.

4. మొదటి ఏడాది పది సెంట్లు, అంటే నాలుగు గుంటలు చాలు. పాత విత్తనం పక్కనే, అదే రోజు, అదే ఎరువుతో వేయాలి. అప్పుడే తేడా విత్తనం వల్ల వచ్చిందో, నేల వల్ల వచ్చిందో తెలుస్తుంది. అది నచ్చితే మరుసటి ఏడాది అరెకరం.

5. బిల్లు లేనిదే విత్తనం కొనకూడదు. బిల్లు, ఖాళీ సంచి, దాని మీది లేబులు, గుప్పెడు గింజలు పంట ఇల్లు చేరేదాకా దాచాలి. మొలకెత్తకపోతే, కాయ కాయకపోతే వ్యవసాయాధికారి ముందు చూపించడానికి అవే ఆధారం.

పురుగు కనిపించగానే మందు కొట్టుకు పరుగెత్తే ముందు వేపగింజల కషాయం ప్రయత్నించవచ్చు. ఐదు కిలోల వేపగింజల పప్పు పొడిని పది లీటర్ల నీటిలో రాత్రంతా నానబెట్టి, పొద్దున గుడ్డలో వడగట్టి, నీరు కలిపి వంద లీటర్లు చేయాలి. వంద గ్రాముల సబ్బు పొడి కలిపి సాయంత్రం పూట పిచికారీ చేయాలి. పురుగు చిన్న దశలో ఉన్నప్పుడే ఇది బాగా పనిచేస్తుంది. ముదిరిన లద్దెపురుగు మీద ఆశ పెట్టుకోకూడదు.

రచ్చబండ దగ్గర నష్టం లెక్క

అన్నిటికన్నా ముఖ్యమైనది ఒకటుంది. దానికి పైసా ఖర్చు లేదు, కానీ ధైర్యం కావాలి. పంటలు ఇంటికొచ్చాక ఒక సాయంత్రం ఊరి రైతులు రచ్చబండ దగ్గరో, బడి వరండాలోనో కూర్చోవాలి. ఏ విత్తనం వేశాం, ఎన్నిసార్లు కొట్టాం, ఎంత పెట్టాం, ఎంత వచ్చింది, ఎంత పోయింది అని ఒక్కొక్కరూ చెప్పాలి. మహిళా సంఘం సభ్యులు కూడా కూర్చోవాలి. అసలు అప్పు ఎంతో వాళ్ళకే తెలుసు. బడికెళ్ళే పిల్లవాడెవరైనా నోటు పుస్తకంలో రాసుకుంటే సరిపోతుంది. మూడేళ్ళు రాస్తే ఆ ఊరి నేలకు ఏది నప్పుతుందో చెప్పే పుస్తకం ఊరి చేతిలోనే ఉంటుంది.

లాభం వచ్చిన పెద్ద రైతు ముందు మాట్లాడితే చిన్న రైతు నోరు విప్పడు. అందుకని ఊళ్ళో నలుగురూ గౌరవించే మనిషి ముందుగా తన నష్టం చెప్పాలి. 'నాకు ఈ ఏడు ఎకరానికి ఇంత పోయింది' అని ఆయన అన్నాడంటే రెండో మనిషికి సిగ్గు పోతుంది. మూడో మనిషికి ఊరట కలుగుతుంది. అప్పుల బాధతో రాత్రుళ్ళు నిద్రపట్టని రైతు ఎవరైనా ఆ గుంపులో ఉంటే, ఇది తన ఒక్కడి తప్పు కాదని ఆ రోజు అతనికి తెలుస్తుంది. ఆ రైతు ఇంటికి మరునాడు ఎవరో ఒకరు వెళ్ళి పలకరించాలి.

టీకా వేయించుకున్న మనిషికి రోగం అంత తేలిగ్గా అంటదు. నష్టం మాట బయటికి చెప్పుకునే ఊరికి మాయమాట అంత తేలిగ్గా అంటదు. లాభం కథలు ఎలాగూ వాటంతట అవే నడిచొస్తాయి. నష్టం కథను నలుగురిలోకి పిలిచి కూర్చోబెట్టాల్సింది మనమే. ఈ మాసూలు అయ్యాక ఒక సాయంత్రం దానికి కేటాయించండి.